ఇన్నాళ్లకు గుర్తొచ్చామా?

(ముక్కోటి ఏకాదశి సాయంత్రం మన ఆలయ సభామండపంలో, ఆదివారం తరగతుల ఉపాధ్యాయ బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

చాలామంది పొద్దుటి నుంచీ ఉపవాసం మీద ఉన్నారు. మాటలు ఎక్కువైతే వెనక నుంచి ఎవరైనా చెయ్యి ఊపండి, ఆపేస్తాం.

తెల్లవారుజామున ఉత్తర ద్వార దర్శనానికి వరుస పార్కింగ్ స్థలం దాకా సాగింది. మంచు పడుతోంది. పట్టుచీరల మీద కోట్లు, కోట్ల మీద మళ్లీ శాలువాలు. ఆ వరుసలో ప్రతి శనివారం గుడికి వచ్చేవాళ్లున్నారు, ఏడాదికి ఈ ఒక్కరోజే వచ్చేవాళ్లున్నారు, మొన్న మొన్ననే ఈ ఊళ్లో దిగిన విద్యార్థులున్నారు. తలుపులు తెరిచాక ఎవరినీ ఎవరూ ఏమీ అడగలేదు. సభ్యత్వం చందా కట్టారా, పోయినసారి ఎందుకు రాలేదు, అబ్బాయికి ఉద్యోగం వచ్చిందా అని ద్వారం దగ్గర ఆపిన మనిషి లేడు. అర్చకస్వామి అందరి తల మీదా అదే శఠారి ఉంచారు.

అడగడం లోపలికి వచ్చాక మొదలైంది. అడిగింది మనమే.

"ఏమండీ, ఇన్నాళ్లకు గుర్తొచ్చామా?" "ఏం వదినా, దారి తప్పి వచ్చారా?" "అబ్బో, పెద్దవాళ్లయిపోయారు, కనిపించడమే మానేశారు!" ఇవన్నీ ఇవాళ ఈ మండపంలో వినిపించిన మాటలే. వీటిలో కోపం లేదు. మన ఊళ్లలో మేనత్త గుమ్మంలో నిలబడి ఈ మాట అంటూనే చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయేది. అక్కడ ఆ మాట వెనక ఆవిడ చెయ్యి ఉండేది, మళ్లీ వారం కలుసుకునే వీలూ ఉండేది. ఇక్కడ అలా కాదు. ఇంట్లో ఏదో జరిగి రెండేళ్లు గుడి ముఖం చూడని ఒక కుటుంబం, కారులో పది నిమిషాలు కూర్చుని ధైర్యం తెచ్చుకుని లోపలికి వస్తుంది. చెప్పులు విడిచే చోటే ఈ మాట ఎదురవుతుంది. వాళ్ల చెవికి అది పలకరింపులా ఉండదు, పాత బాకీ గుర్తు చేసినట్టు ఉంటుంది.

ఇవాళ మేము మాట్లాడదలచుకున్నది భగవంతుడి ప్రేమ గురించి. అంత పెద్ద విషయాన్ని చెప్పులు విడిచే చోటు దగ్గర మొదలుపెట్టారేమిటి అనుకోవచ్చు. మా తరగతుల్లో పిల్లలకు ఈ సంగతి చెప్పబోయినప్పుడల్లా, చివరికి అది అక్కడికే చేరుతోంది.

మన పెద్దలు భగవంతుడి దయకు రెండు మాటలు వాడారు. ఒకటి నిర్హేతుక కృప, రెండోది అవ్యాజ కరుణ. హేతువంటే కారణం. వ్యాజమంటే సాకు, నెపం. మనం మంచివాళ్లమని ఆయనకు దయ కలగదు, మన పూజ బాగుందని కలగదు. దయ చూపించడానికి ఆయనకు ఏ సాకూ అక్కరలేదు. శ్రీవైష్ణవంలో దీని గురించి వందల ఏళ్లుగా ఒక చర్చ ఉంది. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకుంటుంది, పిల్లికూనను తల్లే నోట కరుచుకుని తీసుకువెళుతుంది, మరి జీవుడు ఈ రెండింటిలో ఎవరిలాంటివాడు అని. ఆ చర్చలోకి ఇవాళ పోము. కోతి పక్షం వాళ్లు కూడా, పిల్ల పట్టు బలం వల్లే తల్లి కాపాడుతోందని మాత్రం అనలేదు. అంతవరకు చాలు.

ఏకాదశి కాబట్టి గజేంద్రుణ్ణి తలుచుకుందాం. వెయ్యేళ్లు ఆ ఏనుగు మొసలితో పోరాడిందని భాగవతం చెబుతుంది. అన్నేళ్లూ తన బలాన్నే నమ్ముకుంది. ఒంట్లో శక్తి అంతా అయిపోయి, భార్యలూ బిడ్డలూ తోటి ఏనుగులూ ఎవరూ ఏమీ చేయలేరని తేలిపోయాక అప్పుడు పిలిచింది. ఆయన ఎలా వచ్చాడో మన పిల్లలకు కూడా కంఠస్థం. లక్ష్మీదేవికి ఒక్క మాటైనా చెప్పలేదు, ఆయుధాలు అందుకోలేదు, గరుడుణ్ణి సిద్ధం చేయమనలేదు. పోతన గారి పద్యంలో లేనివన్నీ చూడండి. మనం అక్కడ ఉంటే తప్పకుండా అనే మాట ఒకటి అందులో లేదు. "వెయ్యేళ్లకు గుర్తొచ్చానా?" అని ఆయన అడగలేదు.

ఆయన అడగనిది మనం ఎందుకు అడుగుతున్నాం? మాకు తోచిన కారణం ఒకటి చెబుతాం. ఒప్పుకోకపోయినా ఫరవాలేదు.

మనకు దేవుడితో సంబంధం చాలావరకు లెక్కల భాషలో అలవాటైంది. మొక్కు, ముడుపు, బాకీ, తీర్చుకోవడం. హైదరాబాదు దగ్గర చిలుకూరు బాలాజీ గుడి ఇక్కడున్న చాలామందికి తెలుసు. కోరిక చెప్పుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, అది తీరాక వచ్చి 108. జనం ఆయనకు వీసా బాలాజీ అని పేరే పెట్టారు. ఈ మండపంలో ఆ 108 చేసి విమానం ఎక్కినవాళ్లు ఎంతమంది ఉన్నారో చేతులెత్తమని అడగం, లెక్క పెద్దదే వస్తుంది. మొక్కును తక్కువ చేసి మాట్లాడటం మా ఉద్దేశం కాదు. మొక్కు కృతజ్ఞతకు ఒక రూపం, చాలా అందమైన రూపం. తిరుపతిలో తలనీలాలిచ్చిన తల్లి ముఖం చూసినవాళ్లెవరూ దాన్ని బేరం అనరు. అయితే కృతజ్ఞత ధరగా మారిపోవడానికి ఎక్కువ సమయం పట్టదు. ఆయన పని చేశాడు కాబట్టి మనం చేశాం, మనం చేశాం కాబట్టి ఆయన చేయాలి. ఈ వరస అలవాటైతే మనుషులతోనూ అదే వరస. మేము మీ గృహప్రవేశానికి వచ్చాం, మీరు మా అమ్మాయి ఓణీల ఫంక్షనుకు రాలేదు. చిత్రం ఏమిటంటే, మన కథల్లో అప్పున్నది మనకు కాదు, వేంకటేశ్వరుడికే. కుబేరుడి దగ్గర పెళ్లికి తెచ్చిన అప్పుకు ఇంకా వడ్డీ కడుతున్నాడని చెప్పుకుంటాం. అంత అప్పులో ఉన్నవాడు కూడా వచ్చినవాళ్లను వట్టి చేతులతో పంపడని మన నమ్మకం.

ఇంట్లో ఈ లెక్క పిల్లలకు ఎలా వినిపిస్తోందో మాకు తరగతిలో తెలిసింది. గజేంద్రమోక్షం చెప్పి, దేవుడు ఎందుకు వచ్చాడని అడిగాం. గట్టిగా పిలిచాడు కాబట్టి, మంచి భక్తుడు కాబట్టి, తామరపువ్వు ఇచ్చాడు కాబట్టి అని తలా ఒకటి చెప్పారు. వెనక వరుసలో ఒక అబ్బాయి మాత్రం ఎదురు ప్రశ్న వేశాడు. అమ్మ ఫోనులో యాప్ ఉంది కదా, అందులో అమ్మకు కనిపించినట్టు దేవుడికి కూడా నా గ్రేడ్లు కనిపిస్తాయా అని. మిగతా పిల్లలు నవ్వారు. వాడు నవ్వలేదు. "కనిపిస్తాయి. చూసి కూడా వస్తాడు" అని మేము చెప్పాం. వాడు నమ్మినట్టు కనిపించలేదు.

ఆ పిల్లవాడి తల్లిదండ్రులు కఠినాత్ములని ఎవరూ అనుకోవద్దు. మనందరి ఇళ్లూ అలాంటివే. మన తల్లులు ప్రేమను నోటితో చెప్పరు, పండు కోసి పళ్లెంలో పెట్టి పిల్లల గదిలోకి తీసుకువెళతారు. అంతకంటే గొప్ప భాష లేదని మా అభిప్రాయం. కాకపోతే ఆ పళ్లెం పెడుతూ "ఎంతవరకు వచ్చింది చదువు?" అని కూడా అంటాం. దాంతో ఆ పండు కూడా హోంవర్కులో భాగమైపోతుంది. మా తరగతిలో తల్లిదండ్రుల సమావేశం జరిగినప్పుడు ఒక చిన్న ప్రయోగం చెప్పాం. వారంలో ఒక్కరోజు పళ్లెం పెట్టి, ఏమీ అడగకుండా బయటికి వచ్చేయండి. ఇది చాలా కష్టమని తరువాత ఇద్దరు ముగ్గురు తండ్రులు వచ్చి చెప్పారు. నాలుక చివరి దాకా వస్తుందట. ఒకాయన తలుపు దాకా వచ్చి వెనక్కి తిరిగి, అడగబోయి, "ఫ్యాను వేయనా?" అని మాట మార్చారట. డిసెంబరులో!

ఇక అసలు కథకు వద్దాం. షరతు లేని ప్రేమ ఎలా ఉంటుందో వాల్మీకి రామాయణంలో రెండు చోట్ల చాలా స్పష్టంగా ఉంది. రెండూ యుద్ధకాండలోనివే. యుద్ధం మధ్యలో ప్రేమ గురించి చెప్పడం ఆ మహర్షికే చెల్లింది.

మొదటిది విభీషణుడు రావడం. నలుగురు అనుచరులతో సముద్రం దాటి వచ్చి ఆకాశంలో నిలబడి, తాను రావణుడి తమ్ముణ్ణని మొదటే చెప్పుకున్నాడు. దాచలేదు. కింద ఒక సభ జరిగింది. మన కార్యవర్గ సమావేశాలు చూసినవాళ్లకు ఆ సభ బాగా అర్థమవుతుంది. సుగ్రీవుడు చంపేయమన్నాడు. అంగదుడు గుణదోషాలు తూచి చూద్దామన్నాడు. శరభుడు ముందు గూఢచారిని పంపుదామన్నాడు. జాంబవంతుడు, రాకూడని చోటికి రాకూడని సమయంలో వచ్చాడు కాబట్టి అనుమానించవలసిందే అన్నాడు. మైందుడు, మెల్లగా ప్రశ్నలడిగి లోపలి సంగతి రాబడదామన్నాడు. ఎవరూ తెలివితక్కువ మాట అనలేదు. అందరివీ బాధ్యత గల మాటలే. హనుమంతుడొక్కడే అతని ముఖం చూసి మాట్లాడాడు. ఆ ముఖం ప్రసన్నంగా ఉంది, మాటలో కపటం కనిపించలేదు, తీసుకుందాం అన్నాడు.

సుగ్రీవుడు ఊరుకోలేదు. ఆపదలో ఉన్న అన్ననే వదిలి వచ్చినవాడు రేపు ఎవరిని వదలడు అని మళ్లీ అడ్డుపడ్డాడు. ఇక్కడ కాస్త ఆగాలి. ఈ మాట అంటున్నదెవరు? అన్నకు భయపడి, నలుగురు అనుచరులను వెంటబెట్టుకుని ఋష్యమూకం మీద తలదాచుకున్నవాడు. రాముడు చేరదీయకపోతే ఇంకా అక్కడే ఉండేవాడు. విభీషణుడి వెనకా నలుగురే. తన పాత కథే తన ముందు నిలబడితే ఆయన గుర్తుపట్టలేకపోయాడు. ముందు లోపలికి వచ్చినవాడు గుమ్మానికి కాపలా కాయడం మన దగ్గర కూడా ఉన్నదే. రెండు సూట్‌కేసులతో ఈ దేశంలో దిగిన రోజులు మరిచిపోయి, ఈ కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు పద్ధతీ పాడూ లేదని మాట్లాడుకుంటాం.

రాముడు సుగ్రీవుణ్ణి కోప్పడలేదు. స్నేహభావంతో వచ్చినవాణ్ణి, అతనిలో దోషమున్నా సరే, వదలలేనన్నాడు. ఒక పావురం కథ గుర్తు చేశాడు. తన ఆడపావురాన్ని పట్టుకున్న వేటగాడే తన చెట్టు కిందకు వస్తే, ఆ పావురం అతనికి అతిథి మర్యాద చేసి తన శరీరాన్నే ఆహారంగా ఇచ్చింది. పక్షి అంత చేస్తే నావంటివాడు ఎంత చేయాలి అన్నాడు. ఒక్కసారి వచ్చి నీవాణ్ణి అన్నవాడికి అభయమివ్వడం తన వ్రతమన్నాడు. ఆ తరువాత అన్న మాట దగ్గరే మేము ప్రతిసారీ ఆగిపోతాం. వచ్చినవాడు విభీషణుడే కానక్కరలేదు, స్వయంగా రావణుడే అయినా సరే తీసుకురా అన్నాడు.

ఆ మాట ఎప్పుడన్నాడో చూడండి. వారధి ఇంకా కట్టలేదు. సీతమ్మ ఇంకా అశోకవనంలోనే ఉంది. రావణుడు చేసిన పనికి పశ్చాత్తాపపడిన జాడ ఎక్కడా లేదు. అంతా అయిపోయి, గెలిచి, మనసు చల్లబడ్డాక అన్న మాట కాదది. గాయం పచ్చిగా ఉండగా అన్నది. ఇంకొకటి, తీసుకురమ్మని చెప్పింది సుగ్రీవుడితోనే. కాదన్నవాడినే లోపలికి పిలవమన్నాడు. సుగ్రీవుడు మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాడు, ఇతడు మాతో సమానంగా ఉండనీ అన్నాడు.

ఇది చాలా గొప్ప కథ. కానీ ఇందులో కూడా ఒక చిన్న షరతు మిగిలింది. విభీషణుడు వచ్చాడు, అడిగాడు. రాకపోతే? అడగకపోతే? రెండో ఘట్టం ఆ ప్రశ్నకు జవాబు.

రావణ సంహారం అయ్యాక, గెలిచామన్న వార్త చెప్పడానికి హనుమంతుడు అశోకవనానికి వస్తాడు. ఆనందంతో సీతమ్మకు మాట రాదు. తేరుకుని, ఇంత మంచి వార్త తెచ్చినవాడికి ఇవ్వడానికి తన దగ్గర ఏముందని అంటుంది. హనుమంతుడు ఒక్క వరం అడుగుతాడు. చుట్టూ ఉన్న ఈ రాక్షస స్త్రీలు పది నెలలకు పైగా నిన్ను పీడించారు, కోసి తింటామని బెదిరించారు, అదంతా ఆ చెట్టు మీద కూర్చుని నా చెవులతో విన్నాను, నువ్వు ఊ అంటే వీళ్లను చంపేస్తాను అంటాడు.

ఆ స్త్రీలు అప్పుడు ఏమీ అడగలేదు. క్షమించమనలేదు, కాళ్ల మీద పడలేదు. అంతకుముందు త్రిజట తన కల చెప్పినప్పుడు సీతమ్మను శరణు వేడుకోమని వాళ్లకు సలహా ఇచ్చింది. అప్పుడు వేడుకున్నట్టు వాల్మీకి చెప్పలేదు. అయినా సీతమ్మ వద్దంది. వీళ్లు రాజు చెప్పినట్టు చేసిన దాసీలు, వీళ్ల మీద ఎవరు కోపగించుకుంటారు అంది. తప్పు చేయనివాళ్లు లోకంలో ఎవరూ లేరంది. పెద్దపులితో ఒక ఎలుగుబంటి అన్న మాటను గుర్తు చేసింది. వ్యాఖ్యాతలు చెప్పే ఆ కథ ఇది. పులి తరిమితే వేటగాడు చెట్టెక్కాడు. కొమ్మ మీద ఎలుగుబంటి ఉంది. వాణ్ణి కిందికి తొయ్యమని పులి అడిగితే, నా ఇంటికి వచ్చినవాణ్ణి తొయ్యనంది. అది నిద్రపోయాక, పులి మాట విని వేటగాడే ఎలుగును తోశాడు. అది ఇంకో కొమ్మ పట్టుకుని బతికింది. ఇప్పటికైనా తొయ్యి అంది పులి. ఇప్పుడూ తొయ్యనంది ఎలుగు.

పన్నెండో శతాబ్దంలో శ్రీరంగంలో ఉన్న పరాశర భట్టరు, కూరత్తాళ్వారు గారి కుమారుడు, శ్రీగుణరత్నకోశంలో దీని గురించి ఒక సాహసమైన మాట అన్నారు. రాముడు కాకిని, విభీషణుణ్ణి కాపాడాడు, వాళ్లు శరణన్నారు కాబట్టి. నువ్వో తల్లీ, అప్పటికప్పుడు తప్పు చేస్తున్నవాళ్లను, వాళ్లు అడగకుండానే హనుమంతుడి నుంచి కాపాడావు, నీ ముందు రాముడి గోష్ఠి తేలికైపోయింది అన్నారు. రంగనాథుడి సన్నిధిలో ఉండి ఆ మాట అనగలిగారు. మనం అవ్యాజ కరుణ అంటున్నది దీన్నే.

ఈ కథలు చెప్పినప్పుడల్లా, సభ అయ్యాక ఎవరో ఒకరు, చాలాసార్లు ఆడవాళ్లే, పక్కకు వచ్చి ఒక ప్రశ్న అడుగుతారు. "అయితే ఎవరు ఏం చేసినా పడి ఉండాలా?" ఈ ప్రశ్నకు ఇవాళ మైకులోనే జవాబు చెబుతాం. అక్కరలేదు.

భట్టరు చెప్పిన ఆ కాకి కథే చూడండి. సీతమ్మను గాయపరిచిన కాకి మీద రాముడు దర్భను బ్రహ్మాస్త్రంగా వేశాడు. మూడు లోకాలు తిరిగినా దానికి దిక్కు దొరకలేదు, వచ్చి ఆయన కాళ్ల ముందే పడింది. ప్రాణం దక్కింది. కుడికన్ను పోయింది. కాపాడటం, చేసిన పనికి ఫలితం ఉండటం, ఈ రెండూ ఒకే కథలో పక్కపక్కనే ఉన్నాయి. సీతమ్మ రాక్షస స్త్రీలను చంపవద్దంది. అంతేగాని వాళ్ల మధ్య ఇంకో పది నెలలు ఉంటానని అనలేదు. రావణుడే వచ్చినా తీసుకురమ్మన్న రాముడు, వాడు రానప్పుడు యుద్ధం మానలేదు. యుద్ధంలో వాణ్ణి చంపాక, వైరం చావుతో తీరిపోయింది, నీకెంతో నాకూ అంతే, అన్నకు చేయవలసిన సంస్కారం చేయమని విభీషణుడికి చెప్పాడు.

కాబట్టి ఇంట్లో చెయ్యి చేసుకునే మనిషి ఉంటే, డబ్బూ పాస్‌పోర్టూ దాచిపెట్టి బెదిరించే మనిషి ఉంటే, దేవుడి ప్రేమ పేరు చెప్పి సర్దుకుపొమ్మనడం మహాపాపం. అలాంటి రాత్రి 911కి ఫోన్ చేయడం ఏ ధర్మానికీ విరుద్ధం కాదు. ఆ ఫోన్ చేసిన అమ్మాయి గురించి మర్నాడు మన వాట్సాప్ గ్రూపుల్లో నడిచే మాటలే ధర్మానికి విరుద్ధం. మనసులో పగ లేకుండా తలుపు గడియ పెట్టుకోవచ్చు. ఆ పగ లేకపోవడం అనేది కూడా ఆ అమ్మాయి తన సమయం తాను తీసుకుని చేరవలసిన చోటు. మనం తొందరపెట్టి తోయవలసింది కాదు.

ఇప్పుడు మన గుడి సంగతి.

తిరుమలలో రోజూ వేలాదిమంది భోజనం చేసే అన్నప్రసాద భవనానికి తరిగొండ వెంగమాంబ గారి పేరుంది. ఆవిడ పద్దెనిమిదో శతాబ్దంలో చిత్తూరు ప్రాంతంలోని తరిగొండలో పుట్టారు. చిన్నతనంలోనే భర్త పోయాడు. వేంకటేశ్వరుడే నా భర్త అని, బొట్టూ పూలూ తీయనన్నారు. ఊరు ఆవిడను తిన్నగా బతకనివ్వలేదు. తిరుమల చేరి అక్కడే కావ్యాలు రాస్తూ ఉండిపోయారు. ఈనాటికీ రాత్రి ఏకాంతసేవలో స్వామికి చివరగా ఇచ్చేది వెంగమాంబ గారి ముత్యాల హారతే. శుభకార్యంలో ముందు నిలబడకూడదని లోకం అన్న స్త్రీ పేరు మీద, రోజంతా స్వామి హారతులన్నీ అయ్యాక ఆఖరి హారతి.

మరి మన దగ్గర? సీతారామ కల్యాణానికి పీటల మీద దంపతులే కూర్చోవాలని ఎక్కడా రాసి పెట్టలేదు. కానీ ఒంటరిగా వచ్చిన తల్లిని "మీ వారు రాలేదా?" అని ఆరుగురు అడిగితే, ఏడో మనిషి అడగకముందే ఆవిడ కారు దగ్గరికి వెళ్లిపోతుంది. విడాకులైన అమ్మాయి, ఉద్యోగం పోయి వీసా గడువు లెక్కపెట్టుకుంటున్న అబ్బాయి, వేరే మతం పిల్లను చేసుకున్న కొడుకు ఉన్న తల్లిదండ్రులు, మందుల మీద ఉన్న కాలేజీ పిల్లవాడి తల్లి. వీళ్లెవరినీ మనం రావద్దనలేదు. అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పలేక వాళ్లే మానేశారు. మా తరగతుల హాజరు పట్టీలో ఆ ఖాళీలు కనిపిస్తాయి. ముందు పిల్లవాడు రావడం మానేస్తాడు, తరువాత ఆ ఇంటి నుంచి అభిషేకానికి పాలు రావడం మానేస్తాయి, ఆ తరువాత ఆ ఇంటి పేరు ఎవరూ తలుచుకోరు.

అందుకే ఈ వసంతంలో శ్రీరామనవమి కల్యాణానికి ముందు ఒక చిన్న పని చేద్దామని కార్యవర్గాన్ని అడిగాం, ఒప్పుకున్నారు. ఒక్కొక్క కుటుంబం, తమకు తెలిసి గుడికి రావడం మానేసిన ఒక్క కుటుంబానికి ఫోన్ చేయాలి. జాబితా ఏదీ తయారు చేయం. జాబితా రాస్తే ఎవరు మానేశారో మళ్లీ ఒక లెక్క మొదలవుతుంది. మీకు తెలిసినవాళ్లే, మీ ఫోనులో నంబరు ఉన్నవాళ్లే. ఎవరికి చేశారో మాకు చెప్పనక్కరలేదు. వచ్చారా లేదా అని మేమూ అడగం.

ఫోన్ చేసినప్పుడు ఏం మాట్లాడాలని కొందరు ముందే అడిగారు. ఎందుకు రావడం లేదని అడగొద్దు. ఇన్నాళ్లకు అన్న మాట ఎటువైపు నుంచీ వద్దు. "కల్యాణం రోజున మీకు పక్కన చోటు పట్టి ఉంచుతాం" అంటే చాలు. రామని చెబితే, "సరే, తలంబ్రాలు ఇంటికి తెచ్చిస్తాం" అనండి, తీసుకువెళ్లి ఇవ్వండి. గుమ్మంలో ఇచ్చి వచ్చేయండి, లోపలికి పిలిస్తే కాఫీ తాగండి.

కొందరు మిమ్మల్ని కోప్పడతారు. అది కూడా ముందే చెబుతున్నాం. రెండేళ్ల కిందట మా ఇంట్లో అంత జరిగితే ఒక్కరూ రాలేదు, ఇప్పుడు గుర్తొచ్చామా అని వాళ్లే అంటారు. ఆ మాట అనే హక్కు వాళ్లకు ఉంది. సమాధానం చెప్పుకోకుండా వినండి. సుగ్రీవుడిలా వాదించవద్దు.

పీటల సంగతి అర్చకస్వాములను అడిగాం. ఒంటరిగా వచ్చినవాళ్లు కూడా గోత్రనామాలు చెప్పి సంకల్పంలో కూర్చోవచ్చన్నారు. ముందు రెండు వరుసల్లో ఎవరెవరు కూర్చోవాలన్న పేర్ల చీటీలు ఈసారి అతికించడం లేదు. పెద్దవాళ్లకు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కుర్చీలు ఎడమవైపు వేస్తాం. వంటశాలకు పానకం, వడపప్పు చేయడానికి ఇంకా ఎనిమిది మంది వాలంటీర్లు కావాలి. బెల్లం తరగడం వచ్చినవాళ్లయితే మరీ మంచిది. పేర్లు బయట బల్ల దగ్గర రాయించండి.